తొమ్మిదో మెట్టు తేలేదాకా

నది నీటిమట్టాన్ని కొలిచే ఉద్యోగంలో ముప్పయి నాలుగు సంవత్సరాలు పనిచేశాను. అందులో ఇరవై ఆరు సంవత్సరాలు మహారాష్ట్ర అంచున ఉన్న సిరొంచలోనే గడిచాయి. ఈ మధ్య మా శాఖలో కొత్తగా చేరిన ఇద్దరు యువకులు ఇంటికి వచ్చి, ఇప్పుడు యంత్రమే కొలుస్తున్నది కదా, ఈ పనిలో మనిషి నేర్చుకోవలసినది ఏముందని అడిగారు. ఆ పూట వారికి చాయ్ ఇచ్చాను గాని జవాబు ఇవ్వలేకపోయాను. ఇది ఆ జవాబు.

పదోన్నతుల గురించి, బదిలీల గురించి ఇక్కడ రాయడం లేదు. ఒక పాట గురించి రాస్తున్నాను. గేజ్ కొలతకూ పాటకూ సంబంధమేమిటని వారికి అనిపించవచ్చు. నాకూ ఒకప్పుడు అలాగే అనిపించింది. అలా అనిపించినందువల్లనే ఒక మనిషి చేయి విరిగింది.

ముందుగా ఒక వివరణ. తేదీని, అంకెను తప్ప దేనినీ నేను సులభంగా నమ్మను. అటువంటివాడు సంవత్సరం వేయకుండా ఎందుకు రాస్తున్నాడని నన్నెరిగినవారు అడుగుతారు. ఆనాటి రిజిస్టర్లు కార్యాలయానివి. వాటి నకలు నా దగ్గర లేదు. జ్ఞాపకం మీద తేదీ వేయడం నా పద్ధతి కాదు. గంటలు, సెంటీమీటర్లు మాత్రం నా జేబు నోటు పుస్తకంలో ఉన్నాయి. వాటికి నేను పూచీ.

చేసిన పని

ప్రాణహిత ఒడ్డున, ఊరి రేవుకు ఎగువన, కొంత దూరంలో మా గేజ్ స్తంభాలు ఉండేవి. ఎత్తు తగ్గుతూ వరుసగా నీళ్లలోకి దిగిన స్తంభాల మీద నల్లటి అంకెలు. వానాకాలంలో గంటకొకసారి వెళ్లి, అల లేచిన చోటు, పడిన చోటు చూసి, మధ్య అంకెను రాసుకోవాలి. దానిని వైర్‌లెస్‌లో పైకి పంపాలి. ఎగువన ఆష్టి నుండి, ప్రాణహితకు నీళ్లు తెచ్చే వైనగంగ నది కబురు మాకు వచ్చేది. మా కబురు గోదావరి దిగువకు పోయేది. ఇంతే పని. కాని వరుసగా పన్నెండు రోజులు వాన కురిసినప్పుడు, తడిసిన గొడుగు కింద, తడవని రిజిస్టరులో, తప్పులేని అంకె వేయడం అంత తేలిక కాదు.

మా నాన్న నాగేపల్లిలో ఇతరుల పొలాల్లో కూలి చేసినవాడు. ఆయనకు చదువు లేదు. అయినా పొద్దుటి నుండి ఎన్ని వరుసల నాటు పడిందో ఆయన లెక్క ఎన్నడూ తప్పలేదు. అంకెను గౌరవించడం నాకు ఆయన దగ్గరే అబ్బింది. అంకెలో లేనిదాన్ని తేలికగా చూడడం మాత్రం నా స్వంతం. అది ఆయన నేర్పినది కాదు.

మెట్ల పాట

రేవులో తొమ్మిది రాతి మెట్లు ఉన్నాయి. వరద వస్తే తొమ్మిదీ మునుగుతాయి. ఆ రోజుల్లో నదిపై వంతెన లేదు. అవతలి ఒడ్డుకు పోవాలంటే పడవే దిక్కు. వరద తీసేటప్పుడు రేవులో ఒక ఆచారం నడిచేది. పడవలు నడిపే ఇంటి పెద్దావిడ, లసుమవ్వ, వచ్చి రేవు గట్టు మీద కూర్చునేది. నీళ్లు దిగి పై మెట్టు బయటపడగానే ఒక చరణం పాడేది. తరువాత నోరు మూసుకుని కూర్చునేది. రెండో మెట్టు తేలిన తరువాతే రెండో చరణం. ఒక చరణానికీ మరొక చరణానికీ మధ్య ఒక్కోసారి పూట గడిచేది, ఒక్కోసారి రోజు గడిచేది. తొమ్మిదో మెట్టు తేలి, తొమ్మిదో చరణం పూర్తయి, ఆ మెట్టు మీద ఆమె పసుపు బొట్టు పెట్టేదాకా ఏ పడవా కదిలేది కాదు.

పాట ఒక స్త్రీ పాడుతున్నట్టుగా ఉంటుంది. ఆమె మనిషి పడవ నడిపేవాడు. నదిలో పోయాడు. ఆమె మెట్ల మీద కూర్చుని, మునిగిన మెట్లను ఒక్కొక్కటిగా వదలమని నదిని బతిమాలుతుంది. తేలిన ప్రతి మెట్టు మీదా అతడి జ్ఞాపకం ఒకటి ఉంటుంది. పల్లవి ఇది:

దిగవే గంగమ్మ, ఒక మెట్టు దిగవే
నా పడవోని జాడ జర జూపియ్యవే

మొదటి మెట్టు మీద అతడు తువ్వాల మరిచిపోతాడు. మూడో మెట్టు మీద ఆమె కడవ ఎత్తుతాడు. అయిదో చరణం నాకు అన్నిటికన్నా ఇష్టం:

అయిదో మెట్టు తేలింది, ఆడ నన్ను తిట్టిండు
తిట్టిన నోరు తియ్యగుండె, మల్ల తిట్టుమనవే

తొమ్మిదో చరణంలో మెట్టుతో పాటు నది నడుమ ఉన్న బండ కూడా తేలుతుంది. బండ మీద తెడ్డు ముక్క ఒరిగి ఉంటుంది. దానిని పట్టిన చెయ్యి ఉండదు. పాట అక్కడ ఆగుతుంది.

సిరొంచకు వచ్చిన మొదటి వానాకాలంలోనే ఈ తొమ్మిది చరణాలు రాసుకున్నాను. పాట మీద ప్రేమతో కాదు. మొదటి మెట్టుకు పైగా నీళ్లు వచ్చిన ఒక పాత వరద ఇందులో ఉంది, దాని సంవత్సరం దొరికితే మా రికార్డుకు ఒక అంకె దొరుకుతుంది అని నా ఆలోచన. లసుమవ్వను అడిగాను.

"అవ్వా, ఈ వరద ఏ ఏడు వచ్చింది?"

"నాకేమెరుక సారు. మా మేనత్త పాడేది. ఆమెకు వాళ్ల అవ్వ చెప్పింది."

"జర గుర్తు తెచ్చుకో. కరువుకు ముందటనా, ఎనకనా?"

"ఏ ఏడాదైతేంది కొడుకా? ఆయనైతే రాలే."

ఆ జవాబును నేను పుస్తకంలో రాసుకోలేదు. "సంవత్సరం తెలియదు" అని మాత్రం రాసుకున్నాను. ఆపైన పై మెట్టు ఎత్తును ఒక కాగితం మీద వేసి, "జానపద ఆధారం" అని పేరు పెట్టి మా పై అధికారికి పంపాను. ఆయన మరాఠీ మాట్లాడే మనిషి. మేమంతా సాహెబ్ అనేవాళ్లం. ఆయన నుండి జవాబు రాలేదు.

బోర్డు మీద నేను రాసిన మాట

రేవు దగ్గర మాకు ఒక నల్ల బోర్డు ఉండేది. నీటిమట్టం ఎంత, పెరుగుతున్నదా తగ్గుతున్నదా అని రెండు వరుసలు అందులో రాయాలి. మూడో వరుస రాయమని ఎవరూ చెప్పలేదు. అది నేను రాశాను.

ఆ ఏడు నా భార్య సుశీల తొలి కాన్పుకు పుట్టింటికి పోయింది. ఆమె పుట్టిల్లు అవతలి ఒడ్డున. పెద్ద వరద వచ్చి తీస్తున్న రోజులు. నీళ్లు గంటకు మూడు సెంటీమీటర్ల చొప్పున దిగుతున్నాయి. పొద్దున్నే అవతలి ఒడ్డు నుండి కేక మీద కబురు వచ్చింది. నొప్పులు మొదలయ్యాయి, తొందరగా రమ్మంటున్నది అని.

ఆరు గంటల రీడింగు ప్రకారం నీళ్లు హెచ్చరిక మట్టానికి చాలా దిగువన ఉన్నాయి. బోర్డు మీద "తగ్గుముఖం" అని రాశాను. సుద్దముక్క ఇంకా చేతిలోనే ఉంది. దాని కింద "దాటవచ్చు" అని రాశాను.

ఆ మాట రాసే అధికారం నాకు లేదు. రాయవలసిన అవసరం శాఖకూ లేదు. అవసరం నాది. బక్కన్న పడవ తీయాలి, అందుకు నా చేతిలో ఉన్న ఒకే ఆయుధం ఆ బోర్డు. బక్కన్న లసుమవ్వ అన్న కొడుకు, రేవులో పెద్ద పడవ అతడిదే.

సంచి తీసుకుని రేవుకు చేరేసరికి ఎనిమిది గంటలు. ఎనిమిదో మెట్టు అప్పుడే తేలింది. అవ్వ ఎనిమిదో చరణం ముగించి తమలపాకు నోట్లో పెట్టుకుంటున్నది.

సంచి మీద కూర్చున్న అవ్వ

"బక్కన్నా, పడవ తియ్యి. ఆడ నా పెండ్లానికి నొప్పులొస్తున్నయట" అన్నాను.

"ఎరుకే సారు. నేను గూడ కేక ఇన్న. కని ఎనిమిదే తేలింది."

"బోర్డు సూసినవా?"

"నాకు సదువెక్కడిది సారు? పాటొస్తది."

పక్కన శంకర్ సేఠ్ ఉన్నాడు. సిరొంచలో బట్టల దుకాణం ఆయనది. అవతలి ఊరి పెళ్లివారికి ఇవ్వవలసిన రెండు మూటలతో నాలుగు రోజులుగా రేవు చుట్టూ తిరుగుతున్నాడు. బోర్డు చదివి వచ్చి, నాకంటే గట్టిగా పట్టుబట్టాడు.

"అరే బక్కన్నా, దాటొచ్చని సారే రాసిండు గద. సర్కారు మాట కన్న మీ అవ్వ మాట ఎక్కువనా?"

అవ్వ తమలపాకు నములుతూనే అడిగింది. "సర్కారుకు ఈతొస్తదా సేఠూ?"

రేవులో ఉన్నవాళ్లంతా నవ్వారు. సేఠ్ కూడా నవ్వాడు. నేను నవ్వలేదు.

అప్పుడు బక్కన్న తమ్ముడు మల్లేశ్ చిన్న పడవ తాడు విప్పాడు. "అన్నా, ఏంది గీ పాట, ఏంది గీ కూసునుడు? నీళ్లు మడుగు లెక్క ఉన్నయ్. నేను పోతున్న. సార్, ఎక్కుండ్రి."

నది నిజంగానే మడుగులా ఉంది. నాలుగు రోజుల నాటి ఉరవడి లేదు. బురద రంగు తప్ప భయపెట్టేది ఏదీ లేదు. సేఠ్ మూటలు పడవలో వేయించి ఎక్కాడు. నేను సంచి కోసం వెనక్కి తిరిగాను. సంచి మీద లసుమవ్వ కూర్చుని ఉంది.

"అవ్వా, లే."

"మోకాళ్లు గుంజుతున్నయ్ కొడుకా. జర సేపు కూసోనియ్."

"అవ్వా, ఆడ నా పెండ్లాం పరేషాన్ల ఉన్నది."

"ఉన్నది గద ఒక పరేషాన్ల. ఆమెకు రెండోది ఎందుకు పెడ్తవ్?"

"బోర్డు మీద నేనే రాసిన గదనే. నాకెరుక లేదా?"

"రాసినవ్. నీ చెయ్యి రాసింది, నది రాయలే. ఇగ కూసో. ఒక్క మెట్టే గద. నువ్వు పోతెనే పుడుతనని బిడ్డ కూసోదు. నువ్వు రాలేదని ఆగదు."

సంచి వదిలి ఎక్కవచ్చును. అందులో మా అమ్మ కట్టి ఇచ్చిన శొంఠి, వాము, బాలింతకు మెత్తటి పాత చీరలు ఉన్నాయి. అవి లేకుండా ఏ ముఖంతో వెళ్లను? డెబ్భై దాటిన ముసలమ్మను చేయి పట్టి లాగడం కూడా నా వల్ల కాలేదు. మల్లేశ్ రెండుసార్లు పిలిచి, పడవ నెట్టుకున్నాడు.

పడవ కదిలినప్పుడు తొమ్మిది గంటలు. తొమ్మిది గంటల పది నిమిషాలకు నది నడుమ నుండి, ద్వారబంధానికి తల కొట్టుకున్నట్టు, ఒక చప్పుడు వినిపించింది. పడవ ముక్కు పైకి లేచి పక్కకు ఒరిగింది. మూటలు నీళ్లలో పడ్డాయి. మల్లేశ్ పడవ అంచు పట్టుకుని వేలాడుతున్నాడు. సేఠ్ పడి, లేచి, నిలబడ్డాడు. నది నట్టనడుమ, చీలమండల లోతు నీళ్లలో, ఒక చేతిని మరొక చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆయన కాళ్ల కింద బండ ఉంది. ఒడ్డున ఉన్న మాకెవరికీ కనబడనిది అదే.

బక్కన్న ఎవరినీ తిట్టలేదు. పెద్ద పడవను ఒడ్డు వెంబడి ఎగువకు లాగించి, తాడు కట్టి, నలుగురి చేతికి తాడిచ్చి, మెల్లగా బండ మీదికి వదిలించుకున్నాడు. ఆ తాడు పట్టినవారిలో నేనూ ఒకడిని. ఇద్దరినీ ఒడ్డుకు చేర్చడానికి ముప్పావు గంట పట్టింది. సేఠ్ కుడి చేయి మోచేతి కింద విరిగింది. పడవకు రెండు పలకలు పోయాయి. ప్రాణాలు పోలేదు.

దవాఖానాకు తీసుకుపోతుంటే సేఠ్ నా వైపు చూశాడు.  నేను బోర్డు దగ్గరికి వెళ్లి మూడో వరుస తుడిచాను. తరువాత వచ్చి అవ్వ పక్కన కూర్చున్నాను.  రెండు గంటలకు తొమ్మిదో మెట్టు తేలింది. బండ వీపు ఎండలో నల్లగా కనిపించింది. ఆమె తొమ్మిదో చరణం పాడి, పసుపు బొట్టు పెట్టి, సంచి మీద ఉన్న మట్టి దులిపి నా చేతికిచ్చింది.

రెండు గంటల ఇరవై నిమిషాలకు బక్కన్న నన్ను దాటించాడు. బండను కంటితో చూస్తూ, దానికి రెండు పడవల దూరం నుండి తిప్పి తీసుకుపోయాడు. నేను అత్తవారింటికి చేరేసరికి నాలుగున్నర. మా అమ్మాయి మధ్యాహ్నం పన్నెండు గంటల అయిదు నిమిషాలకే పుట్టింది.

"పొద్దుగాల కబురు పంపితే గిప్పుడా వచ్చుడు?" అన్నది సుశీల. జరిగింది చెప్పాను. ఆమె బిడ్డను నా చేతుల్లో పెట్టింది.

సాహెబ్ అడిగిన ప్రశ్న

మూడో రోజు సాహెబ్ ఆష్టి నుండి జీపులో వచ్చాడు. నేను జరిగినదంతా రాసి ముందే పంపాను, మూడో వరుసతో సహా. దాచి ఉంటే దాగేది. బోర్డు తుడిచేశాను, చూసినవారిలో చదువు వచ్చినవారు ఇద్దరే. అయినా రాశాను. ఈ ఉద్యోగంలో నేను చేసిన మంచి పనుల లెక్క తీస్తే మొదటిది అదే అవుతుంది.

ఆయన మందలింపు చిన్నది. "నీళ్లు ఎంత ఉన్నాయో చెప్పడం నీ పని. మనుషులు ఏం చేయాలో చెప్పమని నిన్నెవరు అడిగారు?" అన్నాడు. తరువాత సంచిలో నుండి ఒక కాగితం తీశాడు. అది నేను పంపిన "జానపద ఆధారం". రెండేళ్లు దాచాడు.

"ఇందులో పై మెట్టు ఎత్తు ఉంది. పాట ఎక్కడ మొదలవుతుందో కొలిచావు. ఎక్కడ ఆగుతుందో కొలిచావా?"

ఆయనకు తెలుగు రాదు. పాటను ఎన్నడూ వినలేదు. తొమ్మిది చరణాలు నోటికి వచ్చిన నాకు తట్టని ప్రశ్న ఆయనకు తట్టింది. నేను వరద ఎంత ఎత్తుకు వచ్చిందని వెతికాను. మా శాఖ చూపంతా అటే. పెరిగే నీటికే మాకు హెచ్చరిక, వైర్‌లెస్, పరుగులు. తగ్గడం మొదలైతే రిజిస్టరు మూసి నిద్రపోయేవాళ్లం. పాట మాత్రం పెరిగే నీటి గురించి ఒక్క మాటా చెప్పదు. మొదటి నుండి చివరి వరకు అది తగ్గే నీటి పాట.

నీళ్లు పూర్తిగా తీసిన తరువాత లెవెల్ యంత్రం, కొలబద్ద తీసుకుని సాహెబ్, నేను రేవులో ఒక పూట పనిచేశాం. మెట్టుకూ మెట్టుకూ మధ్య సగటున పద్దెనిమిది సెంటీమీటర్లు. బండ శిఖరానికీ తొమ్మిదో మెట్టుకూ తేడా నాలుగు సెంటీమీటర్లు, బండే ఎత్తు. నమ్మలేక మళ్లీ కొలిచాం. నాలుగే.

అంటే తొమ్మిదో మెట్టు తేలిందంటే బండ కంటికి కనబడుతున్నదని అర్థం. తొమ్మిదోది మునిగి ఎనిమిదోది తేలి ఉన్నప్పుడు బండ జానెడు లోపు నీళ్ల కింద ఉంటుంది. పడవ అడుగుకు తగిలేంత పైన, బురద నీళ్లలో కంటికి అందనంత కింద. అక్కడ బండ ఉన్నదని రేవులో అందరికీ తెలుసు. నీళ్ల కింద సరిగ్గా ఏ చోట ఉన్నదో ఆ నాలుగైదు గంటలు ఎవరికీ తెలియదు. నది అన్ని వేళల కన్నా శాంతంగా కనిపించేదీ ఆ నాలుగైదు గంటలే.

పదో చరణం

నాలుగు సెంటీమీటర్ల అంకె పట్టుకుని లసుమవ్వ ఇంటికి పోయాను. ఆమె వాకిట్లో వల బాగుచేస్తున్నది.

"అవ్వా, కొలిచిన. నాలుగు సెంటీమీటర్లు."

"అంటె ఎంత?"

రెండు వేళ్లు జోడించి చూపాను. ఆమె పగలబడి నవ్వింది.

"గింతనా! గింత కొలిచెటందుకు గంత మిషన్ తెచ్చిండ్రా?" కాసేపటికి నవ్వు ఆగింది. "పాట కట్టినామెకు గిది ఎట్ల తెలిసిందనుకున్నవ్? మనిషి పోయినంక తెలిసింది."

"అంటే ఆయన పెద్ద వరదల పోలేదన్నట్టు."

"పెద్ద వరదల ఎవడు దిగుతడు కొడుకా? భయముంటది. తగ్గిన నీళ్లల్ల పోయిండు. ఎనిమిదో మెట్టు కాడ."

"అంత తెలిసిన పడవోడు ఎందుకు దిగిండు?"

"గది పదో చరణంల ఉన్నది."

పదో చరణం ఉన్నదని నాకు తెలియదు. పుస్తకం తీశాను. ఆమె పుస్తకం మీద చేయి పెట్టి మూసింది.

"నీకు చెప్ప. తొమ్మిది చరణాలు నీళ్లు దాటెటోళ్లకు. పదోది ఒడ్డు మీద ఉన్నోళ్లకు. నీ పెండ్లాన్ని తోల్కరా."

ఆ ఇంటి ఆచారం అది. పడవలు నడిపే ఇంటికి కోడలు వచ్చినప్పుడు, ఆమెకు ఒక్కదానికే, పెద్దావిడ ఆ చరణం చెబుతుంది. మగవారి ముందు పాడరు. రేవులో పాడరు. మా ఇంటిది పడవల ఇల్లు కాదు. అయినా ఆమె సుశీలకు చెబుతానన్నది.

సుశీల బిడ్డతో సిరొంచకు వచ్చిన తరువాత, ఒక మధ్యాహ్నం రేవుకు తీసుకుపోయాను. అవ్వ నన్ను పడవల దగ్గర బక్కన్నతో కూర్చోమని పంపింది. వాళ్లిద్దరూ పై మెట్టు మీద కూర్చున్నారు. అవ్వ పెదవులు కదలడం కనిపించింది, మాట వినిపించలేదు. సుశీల బిడ్డను మరింత దగ్గరికి హత్తుకోవడం కూడా కనిపించింది.

ఇంటికి నడిచేటప్పుడు దారి సగంలో ఆమె బిడ్డను భుజం మార్చుకుంది. తరువాత అన్నది.

"నేను గూడ పిలిచిన గదా."

ఆ చరణాన్ని నేను ఇక్కడ రాయడం లేదు. అది నాకు చెప్పినది కాదు. దాని అర్థం మాత్రం రాయడానికి సుశీల అనుమతి ఇచ్చింది. పాటలోని స్త్రీ వాననూ నిందించదు, నదినీ నిందించదు. ఎనిమిదో మెట్టు తేలగానే ఆమె ఈ ఒడ్డున నిలబడి, కొంగు ఊపి అతడిని పిలిచింది. చూసి చాలా రోజులైంది, ఇక ఆగలేక పిలిచింది. ఆమె పిలిచింది కాబట్టి అతడు ఆగలేదు. ఆమె దుఃఖమంతా ఆ పిలుపు దగ్గర ఉంది. తువ్వాలను, కడవను, తిట్లను తలుచుకుంటూ తొమ్మిది మెట్లు దిగి వచ్చేది ఆ ఒక్క మాట చెప్పడానికే. అది చెప్పడానికి కూడా ఆమె లోకమంతటినీ ఎంచుకోలేదు. తనలాగా ఒడ్డున ఎదురుచూడబోయే మరొక స్త్రీని మాత్రమే ఎంచుకున్నది.

ఈ పాటను నేను ముందు ఒక వరద గుర్తుగా చదివాను. సాహెబ్ ప్రశ్న తరువాత పడవవారి హెచ్చరికగా చదివాను. రెండూ తప్పు కాదు. రెండింటికీ అంకెలు ఉన్నాయి. కాని పాట వాటి కోసం పుట్టలేదు. ప్రేమించి పిలిచినందుకు మనిషిని పోగొట్టుకున్న ఒకామె, మరొకరు అలా పోగొట్టుకోకూడదని కట్టింది. ఈ అర్థానికి నా దగ్గర అంకె లేదు. అంకె లేకుండా నేను నమ్మిన విషయాలు చాలా తక్కువ. ఇది వాటిలో ఒకటి.

ఆ రోజు అవ్వ నా సంచి మీద కూర్చోకపోతే ఏమయ్యేదో నాకు తెలియదు. సేఠ్ లాగా చేయి విరగడంతో పోయేదేమో. నాకు ఈత రాదు. సుశీలకు అది తెలుసు. అందుకే దారిలో ఆ ఒక్క మాట తప్ప మరేమీ అనలేదు.

కొత్తగా చేరేవారికి

మరుసటి సంవత్సరం నుండి బోర్డు మీద మళ్లీ మూడు వరుసలు రాశాను. నీటిమట్టం, గంటకు ఎంత తగ్గుతున్నది, ఎన్నో మెట్టు తేలింది. మూడోదానికి సాహెబ్ లిఖితపూర్వకంగా అనుమతి ఇచ్చాడు. "దాటవచ్చు" అన్న మాట ఆ తరువాత నా చేతి నుండి రాలేదు. "తగ్గుముఖం" అంటే నీళ్లు తగ్గుతున్నాయని మాత్రమే అర్థం. ఈ ఒక్క వాక్యం మీరు గుర్తుంచుకుంటే నేను ఇంత రాసినందుకు ఫలితం ఉన్నట్టే.

శంకర్ సేఠ్ నా మీద ఎవరికీ ఫిర్యాదు చేయలేదు. చేయి కొంచెం వంకరగా అతుక్కుంది. ప్రతి వానాకాలం రేవులో కనిపించినప్పుడు ఆ చేయి ఎత్తి, "సార్, ఎన్నో మెట్టు?" అని అందరి ముందూ అడిగేవాడు. అది ఎత్తిపొడుపే. అయినా నేను చెప్పేదాకా ఆగి, చెప్పిన తరువాతే పడవ ఎక్కేవాడు. ఒకసారి నా మాట నమ్మి చేయి విరగ్గొట్టుకున్న మనిషి మళ్లీ నా మాట కోసం ఆగడం కన్నా పెద్ద ప్రశంసాపత్రం నాకు ఉద్యోగంలో రాలేదు.

లసుమవ్వ ఒక ఎండాకాలం పోయింది. తొమ్మిది మెట్లూ పొడిగా ఉన్న రోజులు. బక్కన్న భార్య కొన్నేళ్లు పాడింది. వంతెన వచ్చిన తరువాత పడవలు ఆగాయి, రేవులో పాట కూడా ఆగింది. వంతెన మంచిదే. దాని మీద నాకు ఫిర్యాదు లేదు. అటువంటి ఉదయం మరొకరికి రాకూడదనే కదా అందరం కోరుకున్నది.

మా అమ్మాయి ఇప్పుడు గడ్చిరోలిలో కళాశాలలో పాఠాలు చెబుతుంది. పోయిన వానాకాలం సెలవుకు ఇంటికి వస్తుంటే దారిలో ఒక వాగు పొంగి రోడ్డు మీదికి వచ్చింది. బస్సు ఆగింది. ఆమె ఫోన్ చేసేసరికి మధ్యాహ్నం ఒంటి గంట. సుశీల పొద్దుటి నుండి వంట చేసి పెట్టి, గడప దగ్గర కూర్చుని ఉంది. ఫోన్ నేను పక్కన ఉండగానే మాట్లాడింది.

"అమ్మా, నీళ్లు తగ్గినయ్. రోడ్డు జర జర కనబడ్తున్నది. మోటర్‌సైకిళ్లోళ్లు దాటుతున్నరు. డ్రైవర్ గూడ పోదామంటున్నడు."

సుశీలకు ఆ బిడ్డను చూసి నాలుగు నెలలైంది. రమ్మని అనలేదు.

"ఎన్నో మెట్టు బిడ్డా?" అని అడిగింది.

 అవతల అమ్మాయి నవ్వింది. పదో చరణం దాకా తల్లి దగ్గర నేర్చుకున్న పిల్ల అది.

"ఎనిమిదే అమ్మా."

"అయితే దిగి కూసో. డ్రైవర్‌కు గూడ చెప్పు."

సుశీల ఫోన్ పెట్టి, వండిన అన్నం మీద మూత వేసింది. అమ్మాయి సాయంత్రం ఆరు గంటల నలభై నిమిషాలకు ఇల్లు చేరింది. ఆ సమయం నా నోటు పుస్తకంలో ఉంది.